మొగామీ: సముద్రం తిరగరాయించిన డిజైన్

(విశాఖపట్నంలో నౌకానిర్మాణ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయన్న సంగతి మీలో చాలామంది ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. అదే రోజు కాకినాడ మీదా వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు వెళ్లిపోయారు. సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన జరిగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చాయి. అయితే ఆ రోజు బంగాళాఖాతంలో ర్యూజోతో పాటు వచ్చిన మరో నాలుగు ఓడల గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. మొగామీ, మికుమా, సుజుయా, కుమానో. నాలుగూ ఒకే క్లాసు, అంటే ఒకే డిజైన్, క్రూయిజర్లు, వేగంగా వెళ్లే పెద్ద యుద్ధనౌకలు. దక్షిణాన మొగామీ, మికుమా. ఉత్తరాన కుమానో, సుజుయా. ఒక్కొక్క జంట ఒక్కొక్క దారి పట్టి మన తూర్పు తీరం పొడవునా వర్తక నౌకలను వేటాడింది. అడ్మిరల్ ఒజావా నడిపించిన ఆ దళం మొత్తం కలిపి ఇరవైకి పైగా ఓడల్ని ముంచేసింది.

ఆ రోజు ఈ నాలుగు ఓడలు పేల్చినవి 203 మిల్లీమీటర్ల ఫిరంగులు. కానీ అవి పుట్టినప్పుడు వాటి మీద ఉన్నవి వేరే ఫిరంగులు. అంతే కాదు. 1935లో వీటిలో మొదటి ఓడ ట్రయల్స్‌కు వెళ్లినప్పుడు, సొంత ఫిరంగులు పేల్చిన అదురుకే దాని అతుకులు విచ్చాయి. ఆ ఓడ ఏడేళ్లలో మన తీరం దాకా ఎలా రాగలిగింది? మధ్యలో దాన్ని ఎవరు, ఎందుకు, ఎంత మార్చారు? ఈ రోజు నేను చెప్పబోయేది ఆ కథే. యుద్ధం కథ తక్కువ, బరువు కథ ఎక్కువ.

ముందు, పెద్ద దేశాలు తమ నౌకాదళాలకు హద్దులు పెట్టుకున్న ఒప్పందాల సంగతి. దీన్ని తొందరగా ముగిస్తాను. 1922 వాషింగ్టన్ ఒప్పందం క్రూయిజర్‌కు 10,000 టన్నుల బరువు, 203 మిల్లీమీటర్ల ఫిరంగి హద్దుగా పెట్టింది. 1930 లండన్ ఒప్పందం క్రూయిజర్లను రెండు తరగతులుగా విడదీసింది. 155 మిల్లీమీటర్లు దాటిన ఫిరంగులుంటే హెవీ, ఆ లోపు ఉంటే లైట్. హెవీ క్రూయిజర్లలో జపాన్ కోటా అప్పటికే నిండిపోయింది. ఫురుతాకా నుంచి తకావో దాకా పన్నెండు ఓడలు చేతిలో ఉన్నాయి. ఇక కట్టుకోవడానికి మిగిలింది లైట్ క్రూయిజర్లే, అదీ కొంత టన్నేజీ మేరకే. ఆ మిగిలినదాన్ని పంచుకుంటే ఓడకు 8,500 టన్నులు వచ్చింది.

జపాన్ నౌకాదళ ప్రధాన కార్యాలయం ఆ 8,500 టన్నుల్లో ఏమేం కావాలందో వినండి. మూడేసి ఫిరంగులను మోస్తూ తిరిగే టరెట్లు ఐదు, అంటే పదిహేను 155 మిల్లీమీటర్ల ఫిరంగులు. 610 మిల్లీమీటర్ల టార్పెడో గొట్టాలు పన్నెండు. హెవీ క్రూయిజర్ గుళ్లను తట్టుకునే కవచం. 37 నాట్స్ వేగం, అంటే గంటకు సుమారు 68 కిలోమీటర్లు. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉంది. ఒప్పందాల నుంచి బయటపడిన రోజున ఆ 155 టరెట్లను పీకేసి, వాటి స్థానంలో 203 టరెట్లు బిగించడానికి వీలుండాలి. పేరుకు లైట్ క్రూయిజర్, లోపల హెవీ క్రూయిజర్ అన్నమాట. జపాన్‌లో లైట్ క్రూయిజర్లకు నదుల పేర్లు, హెవీ క్రూయిజర్లకు కొండల పేర్లు పెట్టేవారు. ఈ నాలుగింటికీ నదుల పేర్లే పెట్టారు. తర్వాత హెవీ క్రూయిజర్లు అయ్యాక కూడా అవే పేర్లు ఉండిపోయాయి.

ఇదే సమస్యను అవతలి దేశాలు ఎలా తేల్చుకున్నాయో చూడండి. మొగామీ వార్త తెలిశాక అమెరికా బ్రూక్లిన్ క్లాసు కట్టింది. ఫిరంగులు అవే పదిహేను. బరువు 9,700 టన్నుల పైచిలుకు, ఇంజిన్లు 1,00,000 హార్స్‌పవర్, వేగం 32.5 నాట్స్, టార్పెడోలు లేవు. బ్రిటన్ సౌతాంప్టన్ క్లాసు కట్టింది. పన్నెండు ఫిరంగులు, 9,100 టన్నులు, 75,000 హార్స్‌పవర్, 32 నాట్స్. మొగామీకి పెట్టింది 1,52,000 హార్స్‌పవర్.

ఈ అంకెను కాస్త దగ్గరగా చూద్దాం. ఓడకు కావలసిన శక్తి, మోటుగా చెప్పాలంటే, వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. బ్రూక్లిన్ వేగం 32.5, మొగామీకి అడిగింది 37. ఒకదాన్ని రెండోదానితో భాగించి ఘనం కట్టండి. దాదాపు ఒకటిన్నర వస్తుంది. లక్ష హార్స్‌పవర్‌ను ఒకటిన్నరతో గుణిస్తే మొగామీ ఇంజిన్ల దగ్గరకే చేరతాం. అంటే చివరి నాలుగున్నర నాట్స్ కోసం యాభై వేల హార్స్‌పవర్ అదనంగా మోయాలి. ఆ బాయిలర్లు, టర్బైన్లు, వాటి చుట్టూ కవచం, వాటికి చాలినంత పొడవున్న హల్, అంటే ఓడ శరీరం, అన్నీ టన్నులే. అమెరికా వాళ్ల దగ్గర మంచి ఇంజనీర్లు లేక కాదు 32.5 దగ్గర ఆగింది. ఆ నాలుగున్నర నాట్స్ ఖరీదు వాళ్లకు ఎక్కువనిపించింది.

జపాన్ తరఫున ఈ డిజైన్ బాధ్యత ఫుజిమోతో కికువోది. ఆయనకు ముందు ఆ కుర్చీలో హిరాగా యుజురు ఉండేవారు. ఫురుతాకా, మ్యోకో క్లాసులు ఆయనవే. హిరాగా మొండిమనిషి, పైవాళ్లు అడిగినవన్నీ ఇచ్చేవాడు కాదు. క్రూయిజర్ మధ్యలో టార్పెడోలు పెట్టడం ప్రమాదమని మ్యోకో డిజైన్ అప్పుడే వాదించారు. ఫుజిమోతో కొత్త పద్ధతులంటే ఇష్టపడే తెలివైన ఇంజనీరు, అడిగినదాన్ని ఎలాగోలా సాధించి చూపించాలనుకునే తత్వం. చరిత్ర రాసినవాళ్లు ఆయన్ని తేలిగ్గా దోషిని చేసేస్తారు. నాకది న్యాయం అనిపించదు. 8,500 టన్నుల్లో అవన్నీ పట్టవన్న సంగతి ఆయన సొంత లెక్కల్లోనే ఉంది. డిజైన్ దశలోనే 9,500 టన్నులు తేలింది. అడిగినవాళ్లు ఒక్క కోరికనూ వదులుకోలేదు.

బరువు తగ్గించాలంటే ఆయనకు మిగిలిన దారి ఒక్కటే, కట్టే పద్ధతి మార్చడం. రివెట్లు వాడితే పలక మీద పలక కప్పాలి, రివెట్ల తలలు, పట్టీలు అన్నీ కలిసి బోలెడు బరువవుతాయి. వెల్డింగ్ చేస్తే ఆ బరువంతా మిగులుతుంది. అందుకని మొగామీ హల్‌లో పెద్ద ఎత్తున ఎలక్ట్రిక్ వెల్డింగ్ వాడారు. పైభాగాల్లో తేలిక లోహాలు వాడారు. 1931 అక్టోబరు 27న జపాన్‌లోని కురేలో కీల్, అంటే ఓడ అడుగు వెన్నెముక, వేశారు.

1934 మార్చి 12 తెల్లవారుజామున ససెబో దగ్గర తోమోజురు అనే చిన్న టార్పెడో బోటు తుపాను అలల్లో తిరగబడింది. సర్వీసులోకి వచ్చి నెల కూడా కాలేదు. ఉన్న 113 మందిలో 13 మందే బతికారు. అదీ ఫుజిమోతో విభాగం డిజైనే. తనకు రెట్టింపు ఉన్న డిస్ట్రాయర్ మోయాల్సిన ఆయుధాలను ఆ బోటు మీద ఎక్కించారు. మన గడ్డిబండి సంగతి మీకు తెలుసు. మోపు మీద మోపు పేర్చుకుంటూ పోతే బండి చదునైన రోడ్డు మీద బాగానే పోతుంది, గట్టు ఎక్కేటప్పుడు ఒరుగుతుంది. బరువు ఎంత అన్నది ఒక ఎత్తు, ఆ బరువు ఎంత ఎత్తున ఉందన్నది ఇంకొక ఎత్తు.

తోమోజురు తిరగబడిన రెండో రోజున, మార్చి 14న, కురేలో మొగామీ జలప్రవేశం జరిగింది.

అప్పటికప్పుడు నౌకాదళంలోని ఓడలన్నిటి స్థిరత్వం లెక్కలూ బయటికి తీశారు. మొగామీ లెక్కా బాగాలేదు. ముందు వేసిన నమూనాలో తకావో మాదిరి కోటలాంటి బ్రిడ్జి, అంటే ఓడను నడిపే గదులుండే ఎత్తైన కట్టడం, ఉండేది. దాన్ని కురచ చేశారు. విమానాల హ్యాంగర్‌ను తీసేశారు. ఫుజిమోతోను ఆ పదవి నుంచి తప్పించారు. 1935 జనవరిలో ఆయన చనిపోయారు. తన ఓడ పూర్తయి సముద్రంలోకి వెళ్లడం ఆయన చూడలేదు.

1935లో మొగామీ ట్రయల్స్‌కు వెళ్లింది. 36 నాట్స్‌కు దగ్గరగా వేగం వచ్చింది. ఆ వరకు అందరూ సంతోషించారు. ఫిరంగులు పేల్చి చూసేసరికి వెల్డింగ్ అతుకుల్లో పగుళ్లు కనిపించాయి, ఆయిల్ ట్యాంకులు కారాయి. హల్ వంకర్లు పోయి కొన్ని టరెట్లు తిరగడమే కష్టమైంది. టరెట్ ఒక పెద్ద గుండ్రని పట్టా మీద రోలర్ల ఆధారంతో తిరుగుతుంది. ఆ పట్టా బిగించి ఉండేది డెక్‌కు. డెక్ కాస్త మెలితిరిగినా పట్టా గుండ్రంగా ఉండదు, చదునుగానూ ఉండదు, రోలర్లు పట్టేస్తాయి. వందల టన్నుల టరెట్ అక్కడికక్కడ బిగుసుకుపోతుంది. శత్రువు గుండు ఒక్కటీ తగలకుండానే ఓడ సగం ఆయుధాలు పోగొట్టుకున్నట్టే కదా.

ఎందుకలా అయింది? వెల్డర్ చేతిలో లోపం అనుకుంటే పొరపాటు. వాడింది డ్యూకోల్ స్టీల్, మాంగనీసు కలిపిన గట్టి ఉక్కు. తేలికగా ఉంటూ ఎక్కువ బలాన్ని భరిస్తుంది. కానీ దాన్ని ఆనాటి పద్ధతుల్లో వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన వేడి తగిలిన పట్టీ పెళుసెక్కుతుంది. పైగా వేడికి వ్యాకోచించిన పలక చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకోవడానికి చోటు లేకపోతే ఆ లాగుడు లోపలే దాక్కుంటుంది. ఓడ రేవులో నిలబడి ఉన్నా దాని పలకలు మాత్రం లోపల గుంజుకుంటూనే ఉంటాయి. పైనుంచి ఫిరంగి దెబ్బ అదనంగా పడితే తెగుతుంది.

ఇంకో పరీక్ష మిగిలి ఉంది. 1935 సెప్టెంబరు 26న ఈశాన్య జపాన్‌కు తూర్పున, విన్యాసాల్లో ఉన్న నాలుగో ఫ్లీట్ ఒక టైఫూన్ మధ్యలోకి వెళ్లింది. అందులో మొగామీ, మికుమా రెండూ ఉన్నాయి. హత్సుయుకీ, యుగిరీ అనే రెండు డిస్ట్రాయర్ల ముందు భాగాలు విరిగి కొట్టుకుపోయాయి. మొత్తం 54 మంది చనిపోయారు. మొగామీ ముందు భాగంలో పలకలు ముడతలు పడ్డాయి, అతుకులు విచ్చాయి.

తర్వాత జరిగిన విచారణలో ఒక సంగతి తేలింది. మీరంతా దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోవాలని నా కోరిక. అప్పటివరకు హల్ బలం లెక్క వేసేటప్పుడు అల ఎత్తు దాని పొడవులో ఇరవయ్యో వంతు అని పట్టుకునేవారు. ప్రపంచమంతా అదే లెక్క. ఆ రోజు సముద్రంలో కనిపించిన అలల్లో పదో వంతు ఎత్తున్నవి ఉన్నాయి. రెట్టింపు నిటారు. ఓడ మధ్యభాగం అల శిఖరం మీద ఉండి రెండు కొసలూ గాలిలో వేలాడితే డెక్ సాగుతుంది. తర్వాతి క్షణం కొసలు రెండు అలల మీద, మధ్యభాగం పల్లంలో. అప్పుడు డెక్ నలుగుతుంది. నిమిషానికి ఎన్నోసార్లు ఇలా సాగి నలిగే పలకకు మొదట్లోనే పెళుసెక్కిన అతుకు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే నాకు ఈ కథలో అన్నిటికన్నా గౌరవం కలిగే ఘట్టం మొదలవుతుంది. కొత్తగా కట్టిన రెండు క్రూయిజర్లు, దేశమంతా చప్పట్లు కొట్టిన ఓడలు, ఒప్పందం చేసుకున్న దేశాలకు దీటుగా చూపించుకున్న ఓడలు. వాటిని పక్కన పెట్టి విప్పారు. హిరాగాను మళ్లీ సలహాదారుగా పిలిచారు. 1936 నుంచి 1938 దాకా పని సాగింది. బలం ముఖ్యమైన చోటల్లా వెల్డింగ్ అతుకుల మీద డ్యూకోల్ పలకలు వేసి రివెట్లు కొట్టారు. ఏ బరువు మిగుల్చుకోవడానికి రివెట్లు మానేశారో ఆ బరువంతా తిరిగి ఎక్కించారు. ఇంకా నిర్మాణంలో ఉన్న సుజుయా, కుమానోలను మధ్యలోనే ఆపి డ్రాయింగులు మార్చారు. అందుకే అవి 1937 అక్టోబరు 31కి గానీ పూర్తి కాలేదు.

హల్ రెండు పక్కలా బల్జ్‌లు తగిలించారు. ఇవి నీటి గీత దగ్గర ఓడ వెడల్పును పెంచే ఉబ్బెత్తు పెట్టెలు. ఎందుకంటే నీటి మట్టం దగ్గర ఓడ ఆకారం దాన్ని నిలబెట్టే శక్తిని నిర్ణయిస్తుంది, అందులో వెడల్పు ఘనంతో లెక్కకొస్తుంది. వెడల్పు పది శాతం పెంచితే ఆ అంకె 33 శాతం పెరుగుతుంది. మొత్తం బరువూ పెరుగుతుంది కాబట్టి అంతా చేతికి రాదు, అయినా లాభమే. ఇదే ఘనం ఇందాక వేగం లెక్కలో మనల్ని ముంచింది, ఇక్కడ తేల్చింది. వెడల్పైన ఓడ నెమ్మదిస్తుంది. 37 నాట్స్ కల అక్కడితో పోయింది. దాదాపు 35 దగ్గర స్థిరపడింది. బరువు ప్రకటించిన 8,500 ఎక్కడ, అసలు 11,000 దాటి, మార్పులన్నీ అయ్యాక 12,000 కూడా దాటింది.

కొత్త డిజైన్ గీయడం కంటే, తప్పు జరిగిన ఓడను ఆ తప్పు ఒప్పుకుంటూ దిద్దడం కష్టమైన పని. కురే డాక్‌లో ఆ రివెట్లు కొట్టిన కార్మికుల పనితనం వల్లే ఆ ఓడలు మళ్లీ మహాసముద్రంలోకి వెళ్లగలిగాయి. ఆ ఓడలు చేసిన యుద్ధం మీద నాకు ఏ ఆదరణా లేదు. మన తీరంలో మునిగినవి సరుకు ఓడలు, చనిపోయినవాళ్లు పొట్టకూటి కోసం ఓడెక్కిన నావికులు. కానీ ఆ మరమ్మతు మాత్రం చదవదగ్గ ఇంజనీరింగ్.

తర్వాతది ఫిరంగుల మార్పు. ముందే అనుకున్నది కాబట్టి ఇది సులువుగా జరిగింది. 1936 ఆఖరుతో ఒప్పందాల గడువు ముగిసింది. 1939, 40లలో 155 టరెట్లు దింపి రెండేసి 203 ఫిరంగుల టరెట్లు ఐదు ఎక్కించారు. డెక్ రంధ్రాలు అవే. ఒక్కచోట మాత్రం చిక్కొచ్చింది. కొత్త ఫిరంగి గొట్టాలు పొడవెక్కువ. రెండో టరెట్‌ను ముందుకు తిప్పి పెడితే దాని గొట్టాల కొసలు మొదటి టరెట్‌కు తగులుతాయి. అందుకని రెండో టరెట్ గొట్టాలను ఎప్పుడూ కొంచెం పైకెత్తి ఉంచేవారు. ఆనాటి ఫొటోల్లో చూడండి, మొదటి టరెట్ గొట్టాలు అడ్డంగా, రెండోదానివి పైకి లేచి కనిపిస్తాయి. మొగామీ క్లాసును గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు.

ఆ మార్పు లాభమేనా? 155 గుండు సుమారు 56 కిలోలు, పదిహేను కలిపి 840 కిలోలు. 203 గుండు 126 కిలోలు, పది కలిపి 1,260. ఒక్కసారి పేలిస్తే పెద్దవే గెలుస్తాయి. కానీ చిన్న ఫిరంగి వేగంగా పేలుతుంది, నిమిషానికి ఎన్ని గుళ్లు అన్న లెక్కలో తేడా చాలావరకు పూడిపోతుంది. కవచాన్ని ఛేదించడంలో 203దే పైచేయి, అది నిజం. దింపిన 155 టరెట్లు ఎంత మంచివంటే, వాటిని యమాతో యుద్ధనౌకకు రెండో శ్రేణి ఫిరంగులుగా పెట్టుకున్నారు. నా వరకు ఆ డబ్బూ, ఆ డాక్ సమయమూ ఇంకో పని మీద పెట్టి ఉండాల్సింది.

ఆ ఇంకో పని టార్పెడోలు. హల్ మార్చారు, ఫిరంగులు మార్చారు, హిరాగా ఏనాడో ప్రమాదమన్న టార్పెడోలు మాత్రం డెక్ కిందే, ఓడ వెనక సగంలో, కవచం లేకుండా ఉండిపోయాయి. టైప్ 93 టార్పెడో ఒక్కొక్కటీ 2.7 టన్నులు, ముందు భాగంలో 490 కిలోల పేలుడు పదార్థం, ఇంధనంతో పాటు స్వచ్ఛమైన ఆక్సిజన్. అవి ఓడకు రెండు డజన్లు. శత్రువుకు అవి ఎంత భయమో, మోసే ఓడకూ అంతే. 1942 మార్చి 1 అర్ధరాత్రి దాటాక సుండా జలసంధిలో మొగామీ అమెరికా క్రూయిజర్ హ్యూస్టన్ మీదికి వదిలిన టార్పెడోలు గురి తప్పి సొంత రవాణా ఓడలకే తగిలాయి. జావా మీదికి దండెత్తి వచ్చిన జనరల్ ఇమామురా నీళ్లలో ఈదాల్సి వచ్చింది.

మన తీరం నుంచి వెళ్లిన రెండు నెలలకే పసిఫిక్‌లో మిడ్వే యుద్ధం. జూన్ 5 చీకట్లో అమెరికా సబ్‌మెరైన్ కనిపించి నాలుగు ఓడలూ ఒక్కసారిగా మలుపు తిరిగాయి. మొగామీ వెళ్లి మికుమాను గుద్దింది. మొగామీ ముక్కు నలిగిపోయింది. అప్పుడు దానిలో నష్ట నివారణ బాధ్యత చూస్తున్న అధికారి సరువతారి ఉన్న టార్పెడోలన్నీ సముద్రంలోకి వదిలేయించాడు. యుద్ధం మధ్యలో ఆయుధాలు పారేయడం చిన్న నిర్ణయం కాదు. మికుమా తనవి ఉంచుకుంది. మర్నాడు విమానాలు రెండింటినీ పట్టుకున్నాయి. రెండింటి మీదా బాంబులు పడ్డాయి, రెండింటిలోనూ మంటలు. మికుమాలో మంట టార్పెడోలను అందుకుంది, ఓడ మధ్యభాగం పేలిపోయింది, మునిగింది. ముక్కు లేని మొగామీ ఇంటికి చేరింది. తర్వాత ససెబోలో దాని వెనకవైపు టరెట్లు రెండూ తీసేసి, అక్కడ పదకొండు సీప్లేన్లు మోసే డెక్ కట్టారు. 1943 ఏప్రిల్ ఆఖరున మళ్లీ సర్వీసుకొచ్చింది. 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్‌లోని సురిగావో జలసంధి యుద్ధంలో పోయింది. అదే రోజు సమార్ దగ్గర సుజుయా పక్కన బాంబు పడితే, ఆ మంటకు దాని టార్పెడోలే పేలి అదీ మునిగింది. కుమానో ఇంకో నెల బతికింది.

ప్రసంగానికి ముందు మీలో ఒకరు అడిగారు, మీరైతే ఈ క్లాసును ఎలా డిజైన్ చేసేవారని. చెబుతాను. 8,500 టన్నుల్లోనే చెయ్యాలంటే మూడు టరెట్లు, తొమ్మిది ఫిరంగులు, 32 నాట్స్, అంతే. 10,000 టన్నులు ఇస్తే నాలుగు టరెట్లు, పన్నెండు ఫిరంగులు, 33 నాట్స్. రెండింట్లోనూ టార్పెడోలు ఉండవు. నాలుగు టరెట్లతో హల్ పొట్టిదవుతుంది, పొట్టి హల్‌కు వంగే బాధ తక్కువ, కవచం కప్పాల్సిన పొడవూ తగ్గుతుంది. ముఖ్యమైన చోట రివెట్లు, వెల్డింగ్ బలం మోయని చోట మాత్రమే.

ఇది తర్వాత కూర్చుని చెప్పే తెలివి అనుకోకండి. మొగామీ తర్వాత అదే నౌకాదళం మొదలుపెట్టిన తోనే క్లాసులో టరెట్లు నాలుగే. అన్నీ ముందువైపే పెట్టి, వెనక సగం విమానాలకు వదిలారు. మొదట మూడేసి 155 ఫిరంగులుగా గీసి, కట్టే దశలోనే రెండేసి 203లుగా మార్చారు. టార్పెడోలు మాత్రం తోనేలోనూ ఉంచారు. 1942 అక్టోబరులో శాంతాక్రూజ్ యుద్ధంలో దాని జంట ఓడ చికుమా మీదికి విమానాలు దిగుతుంటే, కెప్టెన్ కోమురా టార్పెడోలన్నిటినీ నీళ్లలోకి వదలమన్నాడు. అవి వెళ్లిపోయిన కాసేపటికే బాంబు సరిగ్గా ఆ టార్పెడో గదిలోనే పడింది. గది ఖాళీగా ఉంది. చికుమా ఇంటికి చేరింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.